టీ బిళ్ళ, కాగితం వెనక వైపు

మా వంటింటి అల్మారా తలుపు లోపలి వైపు ఒక కాగితం అతికించి ఉండేది. ఇప్పుడు అక్కడ మైదా జిగురు మరక మాత్రమే మిగిలింది. ఆ కాగితం రాసింది నేను. అతికించింది నాన్న. రోజూ దాని ఎదురుగా నిలబడి వంట చేసింది అమ్మ. దాని వెనక వైపు కూడా రాత ఉందని నాకొక్కదానికే తెలుసు. తెలిసి కూడా చాలా రోజులు చెప్పలేదు.

కాగితంలో ఉన్నది చైనా టీ సంగతి.

నాన్న ఉక్కు ప్లాంటులో, బొగ్గుని కాల్చి కోక్ చేసే ఓవెన్ల దగ్గర ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉండగా, కొత్త యంత్రాలు బిగించే రోజుల్లో, కొందరు చైనా మెకానిక్కులు వచ్చారట. వాళ్ళలో ఒక పెద్దాయన మధ్యాహ్నం నాన్న పక్కన కూర్చుని తినేవాడు. ఇద్దరికీ కలిసే భాష ఒక్కటీ లేదు. నాన్న తన డబ్బాలోంచి ఆవకాయ ముక్క ఇస్తే కళ్ళల్లో నీళ్ళు తిరిగినా వద్దనేవాడు కాదు. వెళ్ళిపోయే రోజు నాన్న చేతిలో గుండ్రటి కాగితపు పొట్లం పెట్టి, పొట్ట నిమురుకుని, బొటనవేలు పైకెత్తి చూపించాడు. కడుపుకి మంచిదని చెప్పినట్టు నాన్నకి అర్థమైంది. అమ్మ దాన్ని ఒక గుడ్డ సంచిలో చుట్టి అటక మీద పెట్టింది. అది అక్కడే తొమ్మిదేళ్ళు ఉంది.

పోయిన ఏడాది నాన్న రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువని వచ్చింది. అప్పుడు ఆయనకి ఆ పొట్లం గుర్తొచ్చింది. దించి విప్పుతుంటే మా ఊళ్ళోనే ఖుర్సీపార్ వైపు నుంచి వచ్చిన ఆయన స్నేహితుడు అక్కడే ఉన్నాడు. ఇద్దరూ ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్ళు.

లోపల నల్లగా, గట్టిగా, చిన్న పళ్ళెమంత బిళ్ళ ఉంది.

"ఏటి బావా, చైనా వాళ్ళు కూడా పిడకలు కొడతారేటి?" అన్నాడాయన.

"టీ అది. నీకేటి తెలుసు."

"టీ అయితే పొడి ఏదీ? దీన్ని రంపం ఎట్టి కోస్తావా?"

కత్తి దిగలేదు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే ముక్క ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయింది. చివరికి అమ్మ బియ్యం బస్తాలు కుట్టే దబ్బనం తెచ్చి, అంచులో గుచ్చి మెల్లగా ఎత్తింది. ఆకు పొరలు పొరలుగా ఊడింది. చైనాలో కూడా దాదాపు ఇలాంటి పనిముట్టే వాడతారని తర్వాత చదివాను. ఆ రోజు మాకెవరికీ తెలియదు.

అమ్మ దాన్ని మామూలు టీలాగే అల్లం, పాలు, పంచదార వేసి మరిగించింది. తడిసిన గోనె వాసన వచ్చింది. నాన్న స్నేహితుడు ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, అమ్మ వైపు తిరిగాడు.

"అప్పా, నాకు మన టీ పెట్టీ. నేనింకా కొన్నాళ్ళు బతకాల."

నాన్నకి రోషం వచ్చింది. దీన్ని ఎలా చేసుకోవాలో, దేనికి మంచిదో కనుక్కోమని నాకు చెప్పారు. నేను ఒక స్కూలు లైబ్రరీలో ఒంటిగంట దాకా పనిచేస్తాను. చదవడం తప్ప పెద్దగా చేతనయింది లేదు కాబట్టి ఆ పని నాకు ఇష్టంగానే అనిపించింది. పొట్లం మీది అక్షరాల్ని ఫోనుతో చదివించి చూస్తే పూఎర్ టీ అని తెలిసింది. ఇంగ్లీషులో దొరికినవన్నీ రెండు మూడు రోజులు చదివి, ఒక సాయంత్రం నాన్నకి చెప్పాను.

చైనాకి నైరుతి మూల ఉన్న కొండల్లో పెద్ద ఆకుల టీ చెట్లు ఉంటాయి. నడుం ఎత్తున కత్తిరించిన తోటల పొదల్లా కాకుండా, కొన్ని చోట్ల ఎక్కి కోసేంత ఎత్తు పెరుగుతాయి. కోసిన ఆకును కాసేపు వాడనిచ్చి, పెద్ద ఇనుప మూకుడులో చేత్తో తిప్పుతూ వేయిస్తారు. నలిపి ఎండబెడతారు. ఎండిన ఆకుకి ఆవిరి పట్టి, గుడ్డలో మూటకట్టి, రాయి కింద అణిస్తే బిళ్ళ అవుతుంది. బిళ్ళ వెనక మధ్యలో కనిపించే గుంట, మూట ముడి పడిన చోటు. ఇది చెప్పగానే నాన్న బిళ్ళ తిరగేసి గుంటలో బొటనవేలు పెట్టి చూసుకున్నారు.

ఒకప్పుడు ఆ బిళ్ళల్ని కంచరగాడిదల మీద వేసుకుని నెలల తరబడి కొండదారుల్లో టిబెట్ దాకా తీసుకుపోయేవారు. బదులుగా గుర్రాలు తెచ్చుకునేవారు. దారిలో చెమ్మకీ ఎండకీ ఆకు రంగు, రుచి మారేవి. ఆ మారిన రుచికే జనం అలవాటు పడ్డారంటారు. టీలన్నీ ఒకచోట చేర్చి అమ్మిన ఊరి పేరే టీకి వచ్చింది. కొన్ని బిళ్ళల్ని ఏళ్ళ తరబడి దాచి పాతబడనిస్తారు. అంత ఆగలేక, సుమారు యాభై ఏళ్ళ కిందట ఇంకో పద్ధతి కనిపెట్టారు.

"ఆకును కుప్పపోసి నీళ్ళు చల్లి, పైన గుడ్డలు కప్పుతారట. లోపల వేడి పుడుతుందట. వేడి మరీ పెరిగితే ఆకు పాడైపోతుందని మధ్యమధ్యలో కుప్ప తిరగేస్తారట" అని చదివాను.

నాన్న కుర్చీలో ముందుకు జరిగారు. "మా కోల్ యార్డూ అంతేనమ్మా. బొగ్గు కుప్ప అలగ వదిలేస్తే లోపల్లోపల కాగిపోద్ది. పైన చల్లగానే ఉంటాది. పొగొచ్చేక చూస్తే ఏటి లాభం? అందుకే బుల్డోజరు పెట్టి తిరగేసీవోళ్ళం."

"అయితే రేపట్నుంచి టీకి బుల్డోజరు తెస్తారేటండీ?" అంది అమ్మ వంటింట్లోంచి.

"నీకు తెల్దే. ఇది తయారీ. సైన్సు."

ఇదంతా తెలుగులో రాసిపెట్టమన్నారు, అమ్మ కూడా చదువుకోవాలని. అమ్మది విజయనగరం వైపు. హిందీ మాట్లాడుతుంది కానీ చదవదు. నేను చదివింది ఈ ఊరి బడిలో, హిందీ మీడియం. తెలుగు అక్షరాలు నాకు అమ్మే వారపత్రికల మీద వేలు పెట్టించి నేర్పింది. అందుకని నా తెలుగు రాత నెమ్మదిగా, గుండ్రంగా ఉంటుంది. ఒక పెద్ద కాగితం మీద పుట్టుక, తయారీ, చేసుకునే పద్ధతి రాశాను. తర్వాత లాభాలు. నూనె పదార్థాలు తిన్నాక కడుపు తేలికపరుస్తుందంటారు. చెడు కొలెస్ట్రాల్ తగ్గిస్తుందంటారు. ఎలకల మీద చేసిన ప్రయోగాలే ఎక్కువ, మనుషుల మీద చేసినవి తక్కువ. నిద్రమత్తు వదిలిస్తుందంటారు.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "బాగానే రాసేవు గానీ, ప్రతి ముక్కకీ ఈ 'అంటారు' ఎందుకు? చదివినోడికి నమ్మకం రాదు. కొట్టేయ్."

కొట్టేశాను. ఎలకల వాక్యం కూడా ఆయనే కొట్టేశారు.

కాగితం అక్కడికి నిండిపోయింది. మిగిలినవి వెనక వైపు రాశాను. మూడే విషయాలు. పరగడుపున తాగకూడదు. రాత్రి నిద్ర పట్టనివాళ్ళు సాయంత్రం తర్వాత తాగకూడదు. రక్తం తక్కువగా ఉన్నవాళ్ళు భోజనంతో గానీ ఐరన్ మాత్రతో గానీ తాగకూడదు. టీలో ఉండే వగరు ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు, రెండు గంటలైనా ఎడం ఉండాలి.

మర్నాడు మైదా జిగురు కాచి నాన్న ఆ కాగితం అతికించారు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి కాగితం స్టూలు మీద బోర్లా ఉంది. ఆయన కళ్ళజోడు లేకుండానే అరచేత్తో వెనక వైపు జిగురు పూస్తున్నారు. నా అక్షరాల మీదుగానే. చేసిన పని తప్పని ఎదుటివాళ్ళకి చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాదు. సుపేలా బజారులో ఆటోవాడు నేను దిగాల్సిన చోటు దాటించేస్తే, నోరు మూసుకుని తర్వాతి చోట దిగి వెనక్కి నడిచి వస్తాను. ఆ రోజు కూడా గుమ్మం దగ్గర నిలబడి చూసి, లోపలికి వెళ్ళి బట్టలు మార్చుకున్నాను.

డైరీలో ఇలా రాసుకున్నాను: "వెనక వైపు జిగురు పూసేశారు. చెప్పలేదు. ముఖ్యమైనదంతా ముందు వైపే ఉంది."

అప్పటికి మా ఇంట్లో ఎవరికీ రక్తం తక్కువ లేదు. లేదనే అనుకున్నాం.

టీ చేయడం నాన్న తన డ్యూటీగా తీసుకున్నారు. సుపేలా వెళ్ళి గాజు కెటిల్, మూడు చిన్న గ్లాసులు కొన్నారు. భోజనమయ్యాక, సరిగ్గా రెండు గంటలకి, ప్లాంటులో సెకండ్ షిఫ్టు లోపలికి వెళ్ళే వేళకి మొదలుపెట్టేవారు. మొదటిసారి పోసిన వేడినీళ్ళు ఆకు కడగడానికే; వాటిని కరివేపాకు కుండీలో పారబోసేవారు. తర్వాత అదే ఆకుతో మూడుసార్లు దించేవారు. ఓవెన్ లోంచి కాలిన కోక్‌ని బయటికి తోయడాన్ని వాళ్ళ దగ్గర పుష్ అంటారు. టీకి కూడా అదే మాట వాడేవారు.

"ఫస్ట్ పుష్ రెండూ నాలుగు. రాసుకో అమ్మా."

"ఎందుకు నాన్నా?"

"లాగ్ బుక్ లేకుండా పనేటి? నీ డైరీ ఉంది కదా, ఓ మూల రాయి."

రాశాను. రోజూ ఒక మూల రెండు వాక్యాలు. నాన్న ఎన్నిటికి దించారు, ఎవరు తాగారు, రంగు ఎలా వచ్చింది. మూడు గ్లాసుల్లో ఒకటి ఎప్పుడూ అమ్మది. మొదట మొహం చిట్లించినా, పదిరోజుల్లో అలవాటు చేసుకుంది. పాలు, పంచదార లేని దాన్ని ఆమె టీ కింద లెక్కకట్టలేదు. మా ఇంట్లో టీ అంటే ఉదయం ఆరింటికి అల్లం దంచిన చప్పుడుతో మొదలయ్యేది. ఇది మిరియాల కషాయం పక్కన, వాము నీళ్ళ పక్కన చేరింది. మందులా తాగేది.

ఆ తర్వాతి నెలలో అమ్మ ఒకరోజు గ్యాస్ పొయ్యి దగ్గర గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. చాలాకాలంగా నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందని అప్పుడు చెప్పింది. స్కానింగులో గర్భసంచిలో గడ్డలని తేలింది. ఆపరేషను చేయాలి. హిమోగ్లోబిన్ ఎనిమిది ఉంది. పదికి వస్తేనే మత్తు ఇస్తామని, ఈలోగా రోజూ ఐరన్ మాత్ర వేసుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. ఆలస్యం చేస్తే పోయే రక్తం పోతూనే ఉంటుందని కూడా చెప్పింది.

"ఈ మాత్రని చాయ్ తో వేసుకోకండి మాతాజీ. చాయ్ కీ మాత్రకీ మధ్య రెండు గంటలు" అని హిందీలో రెండుసార్లు గట్టిగా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

అమ్మ ఆ మాటని అక్షరాలా పాటించింది. మధ్యాహ్నం మూడున్నరకి తాగే పాల టీని ఐదింటికి జరిపింది. ఒంటిగంటన్నరకి భోజనం, రెండింటికి మాత్ర. తలనొప్పి వచ్చినా ఐదు దాకా టీ ముట్టలేదు. మాత్రని మింగింది మాత్రం నాన్న ఇచ్చిన గ్లాసుతో. రెండు మందులూ ఒకేసారి అయిపోతే మరిచిపోయే పని ఉండదని ఆమె ఉద్దేశం.

"డాక్టరమ్మ చెప్పింది కదాని సాయంత్రం దాకా టీ లేకుండా ఉంటన్నాను. మీవల్లవుతుందేటి?" అని నాన్నని దెప్పేది.

ఆ గ్లాసు చాలాసార్లు అమ్మకి అందించింది నేనే. అప్పటికి నాకూ అది మందు కిందే లెక్క, కాగితం వెనక రాసింది గుర్తే రాలేదు.

ఆరు వారాల తర్వాత మళ్ళీ రక్తపరీక్ష చేశారు. ఎనిమిది దగ్గరే ఉంది, అదీ కొంచెం కిందికి. డాక్టరమ్మ కాగితం చూసి, అమ్మ మొహం చూసి, నిజంగా మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగింది. కొంతమంది మలబద్ధకం అని పారేస్తుంటారని అంది. ఇంకొక నెల చూసి, పెరగకపోతే రక్తం ఎక్కించి ఆపరేషను చేద్దామంది. ఆ మాటతో నాన్నకి భయం పట్టుకుంది. ఆయనకి భయం వేస్తే కోపంగా బయటికి వస్తుంది.

ఇంటికి వచ్చాక వరండాలో చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టారు.

"నిజం చెప్పీ. పారేస్తన్నావా?"

"ఎందుకు పారేస్తానండీ? మీ కళ్ళెదురుగానే కదా మింగుతున్నాను."

"మింగితే ఎందుకు ఎక్కదు? ఇంత ఇనుం తయారుచేసే ఊళ్ళో ముప్పై ఏళ్ళున్నావు, నీ ఒంట్లోకి కాస్త ఇనుం ఎక్కదేటి?"

మామూలుగా అయితే అమ్మ దానికి సమాధానం చెప్పేది. ఆ రోజు చేతిసంచి తెరిచింది. సంచిలోంచి మాత్రల అట్టలు తీసింది. ఖాళీ అయినవి కూడా పారేయకుండా దాచింది. వాటిని టీపాయ్ మీద వరసగా పరిచి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. అన్నం వండింది కానీ తినలేదు. ఆమె అబద్ధం చెప్పిందని ఎవరైనా అనుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

నేను నా గదిలో డైరీ తెరిచాను. ఆ రోజు సంగతి రాద్దామనే. కలం పట్టుకుని, ఏం రాయాలో తోచక వెనక పేజీలు తిప్పాను. మూలల్లో నాన్న లాగ్ బుక్ కనిపించింది. "రెండూ నాలుగు. ముగ్గురం. ముదురు ఎరుపు. అమ్మ మాత్ర." "రెండూ ఆరు. ముగ్గురం. అమ్మ మాత్ర." అలా ఆరు వారాలు. నేనే రాశాను, నా గుండ్రటి అక్షరాలతో. ఇంకా వెనక్కి వెళ్తే ఆ వాక్యం ఉంది: వెనక వైపు జిగురు పూసేశారు. చెప్పలేదు.

డైరీ మూసి పక్కన పెట్టాను. ఈసారి కూడా చెప్పకుండా గడిపే మార్గం ఒకటి కనిపించింది, దాన్ని దాచడం ఎందుకు. రేపటి నుంచి అమ్మకి గ్లాసు అందించకపోతే చాలు. చల్లారిందనో, ఒలికిందనో ఏదో ఒకటి అనవచ్చు. నెల తిరిగేసరికి రక్తం పెరుగుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. కానీ అప్పటిదాకా అమ్మ మాత్రలు పారేసిన మనిషిగానే ఉంటుంది. పెరిగాక కూడా, నాన్న కోప్పడ్డాకే సరిగ్గా వేసుకుందని అవుతుంది.

వంటింట్లోకి వెళ్ళి అల్మారా తలుపు తెరిచాను. తడిగుడ్డ పెట్టి కాగితం అంచులు నానబెట్టాను. అమ్మ గట్టు దగ్గర నిలబడి చూస్తోంది.

"ఏటే అది? మీ నాన్న చూస్తే అరుస్తారు."

"నాన్నని కూడా పిలువమ్మా" అన్నాను.

నాన్న వచ్చేసరికి కాగితం సగం ఊడింది. ముందు వైపు చినిగింది. వెనక్కి తిప్పి గట్టు మీద పరిచాను. సిరా అలుక్కుపోయి చాలా చోట్ల నీలం మరకలే ఉన్నాయి. మూడో విషయం మాత్రం చదవగలిగేలా ఉంది. నేను చదివాను. నా గొంతు నాకే సరిగా వినబడలేదు, అందుకని రెండోసారి చదివాను. తర్వాత డైరీ తెచ్చి టైములు చదివాను. అంటించిన రోజు నేను చూశానని, చూసి ఊరుకున్నానని కూడా చెప్పాను.

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇది కూడా టీయే కదా" అన్నారు, తనలో తను.

"టీయే నాన్నా. అస్సాం టీ మొక్కకి బంధువే."

"మరి అప్పుడే చెప్పొద్దేటమ్మా?"

 అమ్మ అందుకుంది. "దానికి నోరుంటే ఎప్పుడో బాగుపడును. మీరో? జిగురు పూసేముందు వెనక ఏటుందో చూసుకోరేటండీ? ఓవెన్ల దగ్గర కూడా ఇలాగే చేసీవారా? ఊరు నిలిచిందంటే దేవుడి దయే." అని, ఆగి, "నన్ను దొంగని చేసేరు ఇద్దరూ కలిసి" అంది. ఆ చివరి మాట మెల్లగా అంది. అంతకుముందు మాటలకి నవ్వబోయిన నాన్న దానికి నవ్వలేదు.

క్షమించమనే మాట మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. మర్నాడు పదకొండు గంటలకి, భోజనానికి చాలా ముందే, నాన్న నిమ్మకాయ పిండిన నీళ్ళు, మాత్ర ఒక ప్లేటులో పెట్టి అమ్మకి తెచ్చి ఇచ్చారట. నిమ్మరసంతో ఐరన్ బాగా పడుతుందని నేనే చెప్పాను. నేను ఇంటికి వచ్చాక, "పదకొండూ రెండు. రాసుకో" అన్నారు. పూఎర్ టీ నాలుగింటికి మారింది. అమ్మ గ్లాసు లోపల పెట్టేశారు. అమ్మ తాగనన్నాళ్ళు తనూ తాగనని నాన్న అనలేదు. వరండాలో కూర్చుని ఒక్కరే తాగేవారు.

నెల తర్వాత తొమ్మిది దాటింది. ఇంకో మూడు వారాలకి పది వచ్చింది. డాక్టరమ్మ కాగితం చూసి ఏం మార్చారని అడిగింది. నాన్న నావైపు చూశారు. నేను హిందీలో మొత్తం చెప్పాను. నల్ల టీ, పాల టీ, పచ్చ టీ ఏదైనా టీయేనని, ఇకనుంచి అందరికీ అలాగే విడమరిచి చెప్తానని ఆమె అంది.

ఆపరేషను అయింది. అమ్మ కోలుకుంది. నాన్న కొలెస్ట్రాల్ కూడా కొంత తగ్గింది. టీ వల్ల తగ్గిందో, డాక్టరు ఇచ్చిన మందు వల్ల తగ్గిందో, సాయంత్రం పకోడీలు మానేయడం వల్ల తగ్గిందో చెప్పలేను. నాన్నకి ఆ అనుమానం లేదు. బిళ్ళ ఇంకా సగం ఉంది. దాని గుంటలో దబ్బనం గుచ్చి ఉంచుతారు.

కొత్త కాగితం రాయమని నాన్న రెండుసార్లు అడిగారు. ఈసారి అన్నీ ఒకవైపే పట్టేలా చిన్న అక్షరాలతో రాశాను. 'అంటారు'లు తీయలేదు. తీయమని నాన్న కూడా అనలేదు. నాన్న దాన్ని ఈసారి అల్మారా పక్క గోడకి అతికించబోతుంటే అమ్మ ఆయన చేతిలోంచి తీసుకుంది. చదవడానికి ముందు కాగితాన్ని తిరగేసి, దీపం వైపు పెట్టి చూసింది.

"వెనకేటీ లేదమ్మా" అన్నాను.

"ఉంటే చెప్తావు గానీ, చూస్తే తప్పేటి?" అంది.